రెండో గీత

జూన్ 2

ఆన్ అయింది!

భోజనాలయ్యాక బల్ల మీద పాత పేపర్లు పరిచి మొదలుపెడితే, టీ టైముకి ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద తెల్లటి అక్షరాలు కనిపించగానే గట్టిగా అరిచాను. పక్కింటి కుక్క కూడా అరిచింది. నా చేత్తో నేను కట్టుకున్న కంప్యూటర్. మదర్‌బోర్డ్, ప్రాసెసర్, దాని నెత్తిన ఇంత లావు కూలర్, ర్యామ్ రెండు ముక్కలు, అన్నీ విడివిడిగా అట్టపెట్టెల్లో వచ్చాయి. ఇప్పుడన్నీ ఒక్క డబ్బాలో సర్దుకుని గురక పెడుతున్నాయి.

అత్తయ్య కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. ఆవిడ నీటి పంపుల కంపెనీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైంది. హ్యాండ్‌బ్యాగ్‌లో దువ్వెన పక్కన స్క్రూడ్రైవర్ పెట్టుకుని తిరిగే అత్తగారు ఇంకెవరికైనా ఉన్నారో లేదో నాకు తెలీదు. నేను కూలర్ స్క్రూలు బిగిస్తుంటే, ఒళ్లో ఉన్న ఆవిడ వేళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. అంతా అయ్యాక, నీ తర్వాత ఎవరు చూస్తారమ్మా అని అడిగింది. మీరున్నారుగా అత్తయ్యా అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఈ మాత్రం మాటకే అంత సంతోషమా అనుకున్నాను.

జూన్ 3

ఉద్యోగం మానేసి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకోవడం మానేశాను.

పాత ఆఫీసులో బిల్డింగుల త్రీడీ బొమ్మలు వేసేదాన్ని. అంటే మొత్తం బొమ్మ కాదు. గోడలు, కిటికీలు, వెలుతురు బాసు చూసుకునేవాడు. నాకు వదిలినవి కుర్చీలు, కుండీల్లో మొక్కలు. ఏళ్ల తరబడి కుర్చీలూ మొక్కలూ. ఒకరోజు మీటింగులో, ఈ కిటికీ అటువైపు గోడకి ఉంటే బావుంటుంది సార్ అన్నాను. నీ మొక్కల సంగతి నువ్వు చూసుకో అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి రాజీనామా టైప్ చేశాను.

ఇప్పుడు చేతిలో ఉన్న పని ఒక్కటే. ఒక ఆర్కిటెక్ట్ మేడమ్ పిల్లల కంటి ఆసుపత్రికి ప్లాన్ గీస్తోంది. అందులో వెయిటింగ్ హాలు వాక్‌త్రూ నాకిచ్చింది. తలుపు తీసుకుని లోపలికెళ్లి, హాలంతా నడిచి, డాక్టరు గది దాకా వెళ్లే చిన్న వీడియో. గోడలూ నావే, కిటికీలూ నావే. ఇరవయ్యో తారీఖుకి ఇవ్వాలి. నచ్చితే మిగతా గదులన్నీ నాకే వస్తాయి. ఇవ్వలేకపోతే పాత ఆఫీసే గతి. వచ్చేసేటప్పుడు బాసు తాపీగా, జూన్ నెలాఖరు దాకా నీ కుర్చీ ఖాళీగానే ఉంచుతాలే అన్నాడు. ఆ తాపీతనం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జూన్ 5, మధ్యాహ్నం

చెప్పాపెట్టకుండా నీలం తెర. క్రాష్.

జూన్ 5, సాయంత్రం

మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ క్రాష్. ఉత్తినే ఉంచితే బుద్ధిగా ఉంటుంది. మెయిల్ చూసుకుంటే ఏమీ అనదు. రెండర్, అంటే గీసిన గదిని వీడియోగా మార్చే పని, మొదలుపెట్టానా, కాసేపు ఊరుకుని, సరిగ్గా నేను నమ్మకం పెంచుకునే సమయానికి పడిపోతోంది.

వేడెక్కుతోందేమో అని చూశాను. లేదు. కూలర్ భేషుగ్గా పనిచేస్తోంది. అంత చల్లగా ఉన్న ప్రాసెసర్ గురించి నెట్‌లో చదివి అందరూ కుళ్లుకోవాలి. మరి రోగమెక్కడ?

జూన్ 6

విండోస్ తీసేసి మళ్లీ వేశాను. డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేశాను. క్రాష్. ర్యామ్ టెస్ట్ పెట్టాను. తెర నిండా ఎర్ర గీతలు, ఎర్రర్ల మీద ఎర్రర్లు. ముక్క పాడైందేమోనని అటుదిటూ ఇటుదటూ మార్చాను. రెండు ముక్కలూ మంచివే. రెండో స్లాట్‌లో ఏది పెట్టినా తప్పులు చదువుతోంది. అంటే మదర్‌బోర్డ్. అంటే నా నెత్తి.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, వదులుగా ఏమైనా ఉందేమో చూశావామ్మా అంది. అన్నీ చూశానన్నాను, కాస్త విసురుగానే. ఏదైనా గట్టిగా ఉంటే గొడవే ఉండదమ్మా అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ సిద్ధాంతం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. చక్కెర డబ్బా మూత ఆవిడ పెడితే మళ్లీ ఆవిడే తియ్యాలి. నూనె సీసా తియ్యడానికి మా ఆయన డ్యూటీ నుంచి ఎప్పుడొస్తాడా అని పొయ్యి దగ్గర నిలబడి ఎదురుచూసిన రోజులున్నాయి నాకు.

జూన్ 8

డబ్బాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, విడిభాగాలు కొన్న షాపుకి వెళ్లాను. షాపాయన అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కథంతా విని, బోర్డే అయ్యుంటుందండీ అన్నాడు. కంపెనీకి పంపిస్తే ఎప్పుడొస్తుంది అన్నాను. నెల పట్టొచ్చు అన్నాడు. నా మొహం చూసి జాలేసిందేమో, ఉండండి, అంతా విప్పి మళ్లీ బిగిద్దాం అన్నాడు. ప్రాసెసర్ తీశాడు, తుడిచాడు, పెట్టాడు. దాని మీద వేడి లాగే పేస్ట్ కొత్తది రాశాడు. కూలర్ బిగించాడు. షాపు మూసే దాకా టెస్ట్ నడిపాడు. ఒక్క తప్పు లేదు.

ఏదో సరిగ్గా కూర్చోలేదు లెండి అన్నాడు. నెత్తిన పాలు పోశాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, డబ్బాని ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా కూనిరాగాలు తీస్తూ వచ్చాను.

జూన్ 9

పని, పని, పని. హాలుకి కిటికీ నేను అనుకున్న గోడకే పెట్టాను. ఎండ ఏటవాలుగా వచ్చి పిల్లలు కూర్చునేచోట పడుతోంది. కళ్లకి మందు వేసిన పిల్లలకి ఎండ గుచ్చుకుంటుందని గుర్తొచ్చి, కిటికీకి పల్చటి తెర వేశాను. ఇలాంటిది ఆలోచించడానికి నన్నెవరూ ఇన్నాళ్లూ పిలవలేదు.

జూన్ 10

మళ్లీ.

జూన్ 11

షాపులో బాగుంది. ఇంటికొచ్చిన మర్నాడంతా బాగుంది. ఆ తర్వాత తెల్లారేసరికి మొదటికొచ్చింది. కరెంటేమో అని ప్లగ్ మార్చాను. బల్ల ఊగుతోందేమో అని నేల మీద పెట్టాను. నా చెయ్యి మంచిది కాదేమో అని కూడా అనుకున్నాను. ఇలాంటివి నమ్మని మనిషిని నేను.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుతూ, డిపోలో బుద్ధిగా ఉండి రూట్లో మొరాయించే బండి ఉందనుకో, డిపోలో లేనిదేదో రూట్లో ఉన్నట్టు అన్నాడు. షాపులో లేనిది ఇంట్లో ఏముందో చూడమన్నాడు. షాపులో లేనిది ఇంట్లో మీరే అన్నాను. పాపం, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. నేను కసిరింది ఆయన్ని కాదని ఆయనకి తెలుసు. అదే ఆయనలో గొప్పతనం, అప్పుడప్పుడూ అదే ఇంకా చిరాకు.

జూన్ 12, ఉదయం

నెట్‌లో ఒకడు రాశాడు. అచ్చం నా గోలే. రెండో స్లాట్ తప్పులు చదవడం, వేడి లేకపోవడం, రెండర్‌లో పడిపోవడం. కూలర్ స్క్రూలు మరీ బిగించేస్తే బోర్డు సన్నగా వంగుతుందట. ప్రాసెసర్ కింద పిన్నులు ఒక పక్క నొక్కుకుపోయి, ఇంకో పక్క అంటీ అంటనట్టు ఉంటాయట. కొన్ని కూలర్లకి ఇంతవరకే బిగించాలని ఆగే చోటుంటుంది. నా కూలర్‌కి లేదు.

స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. కదల్లేదు. రెండు చేతులతో తిప్పితే కిర్రుమని కదిలింది. నాలుగూ అంతే. ఇదన్నమాట! ఆ షాపాయన చేతుల్లో అంత బలమా? ఫోన్ చేసి దులిపేశాను. నేను వేళ్లతోనే బిగిస్తానండీ, అంత బిగించనే బిగించను అని మొత్తుకున్నాడు. నేను వింటేగా.

జూన్ 12, సాయంత్రం

నాలుగూ వదులు చేసి, బిగుతు తగలగానే ఆపాను. రెండర్ మధ్యాహ్నమంతా నడిచింది. ర్యామ్ టెస్ట్‌లో ఒక్క ఎర్ర గీత లేదు. హమ్మయ్య.

మనసు తేలికపడి, టీ తాగుతూ అత్తయ్యతో చాలాసేపు కబుర్లు చెప్పాను. స్క్రూల సంగతి ఎత్తలేదు, షాపాయన మీద మళ్లీ కోపం వస్తుందని. ఆవిడే వాళ్ల కంపెనీ ముచ్చట్లు చెప్పింది. బోల్టు బిగించినవాళ్లు, బోల్టు మీద నుంచి పంపు మీదికి రంగుతో ఒక గీత గీయాలట. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగిపోయి తెలిసిపోతుందట. భలే ఉపాయం అనిపించింది. ఈ ఫ్యాన్ అదురుకి నా స్క్రూలు వదులైపోతే? గోళ్లరంగు తెచ్చి నాలుగు స్క్రూల మీదా నాలుగు గులాబీ గీతలు గీశాను. ముద్దుగా ఉన్నాయి.

జూన్ 14

ఇవాళ జరిగింది వరసగా రాయకపోతే నేనే నమ్మను.

పొద్దున రెండర్ పెట్టి బట్టలు ఆరేసి వచ్చేసరికి నీలం తెర. ఏడుపు కూడా రాలేదు. ఇక ఇరవయ్యో తారీఖు సంగతి మర్చిపోవచ్చు. ఫోన్ తీసి పాత ఆఫీసు నంబరు దగ్గర వేలు పెట్టి కూర్చున్నాను. ఏమని చెప్పాలి? వస్తున్నాను సార్ అంటే చాలు. కుర్చీలు, మొక్కలు. ఆయనేమీ తిట్టడు కూడా. తాపీగా నవ్వుతాడు. ఆ నవ్వు వినడానికి బలం లేక ఫోన్ బోర్లా పెట్టి, పోనీ విడిభాగాలన్నా ఊడదీసి వాపసు ఇచ్చేద్దామని డబ్బా తెరిచాను.

నా గులాబీ గీతలు విరిగిపోయి ఉన్నాయి. నాలుగూ. స్క్రూలు తిరిగాయి. వదులయ్యే వైపు కాదు, బిగిసే వైపు. ఒక్కొక్కటి దాదాపు పావు చుట్టు. అదురుకి స్క్రూ వదులవుతుంది గానీ బిగుసుకోదుగా! అప్పుడు కనిపించింది. ప్రతి స్క్రూ మీదా నా గీత పక్కనే ఇంకో గీత ఉంది. తెల్లగా, సన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. నా వైట్‌నర్‌తోనే గీసినట్టున్నారు.

అత్తయ్యా అని పిలిచిన పిలుపు వీధి చివరికి వినిపించి ఉంటుంది. ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఇదెవరు చేశారు అన్నాను. నేనే అంది. దాపరికం లేదు, భయం లేదు. పైగా ఎంత గర్వమో! నీ గీత బాగానే ఉందమ్మా, కాస్త లావైంది, ఇంకొంచెం సన్నగా గీయి అంది. వాళ్ల కంపెనీలో బిగించినవాళ్లది రంగు గీత, వాళ్ల తర్వాత చూసినవాళ్లది తెల్ల గీతట. చూడటమంటే ఊరికే చూడటం కాదు, ఇంకో పావు చుట్టు బిగించి మరీ చూడటం. ఇన్నేళ్లూ ఆవిడ పని అదే. రెండు గీతలూ పడకుండా పంపు గేటు దాటకూడదు. నువ్వు కట్టిన రోజే చెప్పావుగా మీరున్నారుగా అని, పొద్దున్నే నువ్వు స్నానానికి వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను అంది. నువ్వు గీత గీయలేదు కాబట్టి నేనూ గీయకుండా బిగించి ఊరుకున్నాను, నిన్న నీ గీత చూశాక ఎంత సంతోషమేసిందో అంది.

కోపం రావాలి. వచ్చింది కూడా, గొంతు దాకా. అంతలోనే ఇంకేదో దాన్ని తోసుకుంటూ పైకొచ్చింది. బోర్డు పాడవలేదు! నా చెయ్యి మంచిదే! కంప్యూటర్‌కి ఏ రోగమూ లేదు, ఉన్నదల్లా మా అత్తయ్య! నవ్వు ఆగలేదు. బల్ల పట్టుకుని వంగిపోయి నవ్వాను. నేను నవ్వుతుంటే ఎందుకో తెలీకుండానే ఆవిడా నవ్వింది.

ఆ తర్వాత చెప్పాను. చెప్పక తప్పదు. మెల్లగా, బోర్డు ఎలా వంగుతుందో చేతులతో చూపిస్తూ చెప్పాను. నవ్వు ఆవిడ మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయి, తర్వాత పోయింది. అంటే ఇన్నాళ్లూ నేనే పాడు చేశానా అంది. పాడవలేదు అత్తయ్యా అన్నాను. నువ్వు మళ్లీ ఆ ఆఫీసుకి వెళ్లాల్సొచ్చేదా నా వల్ల అంది. నా చూపు బోర్లా పెట్టిన ఫోన్ మీదికి పోయింది. ఆవిడ చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

నేనే స్క్రూలు వదులు చేసి రెండర్ మళ్లీ పెట్టాను. నడుస్తోంది. కానీ తలుపు మాత్రం తెరుచుకోలేదు.

జూన్ 15

షాపాయనకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆయన కథంతా విని, మీ అత్తగారిని మా షాపుకి మాత్రం తీసుకురాకండి అన్నాడు.

నూనె సీసా ఎత్తితే మూత నా చేతిలోకి ఊడొచ్చింది. నూనె గట్టంతా పారింది. చక్కెర డబ్బా మూత ఊరికే పైన పెట్టి ఉంది. మందు సీసా కూడా అంతే. ఇంట్లో ఆవిడ చెయ్యి తగిలిన ప్రతి మూతా వదులుగా ఉంది. ఎన్నాళ్లుగానో నేను కోరుకున్నది ఇదే. తీరా చూస్తే గట్టు తుడుస్తూ నాకు ఏడుపొచ్చింది. మా ఆయన గుమ్మంలోంచి చూసి, నువ్వే వెళ్లి మాట్లాడు, నాతో అయితే మాట్లాడదు అన్నాడు.

జూన్ 16

రెండర్ ఆపేసి, కంప్యూటర్ ఆఫ్ చేసి, డబ్బా తెరిచి, అత్తయ్య గది తలుపు కొట్టాను. రండి, చూద్దురుగాని అన్నాను. నేనిక ముట్టుకోనమ్మా అంది. అలా అంటే కుదరదు, పాత గీతలు తుడిచేశాను, నా గీత ఒక్కటీ చాలదు, రెండోది లేకుండా నేను మేడమ్‌కి పని ఇవ్వను అన్నాను.

వచ్చింది. స్క్రూల మీదికి వంగి చూసింది. అప్పుడు చెప్పింది. చేరిన కొత్తలో ఒక పంపుకి తను తెల్ల గీత గీయకముందే, తొందరలో గేటు దాటించేశారట. ఎక్కడో నడుస్తూ నడుస్తూ బోల్టు ఊడి, పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి విరిగిందట. ఎవరూ తనని ఏమీ అనలేదట. అప్పటినుంచీ బిగించింది మళ్లీ బిగించందే నిద్రపట్టేది కాదట. ఈ సంగతి కొడుక్కి కూడా చెప్పలేదంది. నేను ఆవిడ భుజం మీద చెయ్యేశాను. అలా ఎప్పుడూ వేసింది లేదు. ఆవిడ కాదనలేదు.

మీ పంపు నీళ్లు కారకూడదు, నా బోర్డు వంగకూడదు, అందుకే దీన్ని చూసే తీరు వేరే అత్తయ్యా అన్నాను. బిగుతు తగిలిందా, అక్కడితో ఆగడమే అన్నాను. ఆవిడ స్క్రూడ్రైవర్ తీసుకుంది. ముందు నాలుగూ పూర్తిగా వదులు చెయ్యమన్నాను. బాగున్న స్క్రూని వదులు చెయ్యడం ఇదే మొదటిసారి అంది. ఆ తర్వాత అటొకటి ఇటొకటి ఎదురెదురుగా తిప్పుతూ వచ్చింది. బిగుతు తగలగానే ఆగింది. మణికట్టు ఇంకో పావు చుట్టు అడుగుతోంది, చూస్తే తెలుస్తోంది. పెదాలు బిగబట్టి, నాలుగుసార్లూ ఆగింది.

నేను గులాబీ గీత గీశాను, సన్నగా. ఆవిడ పక్కనే తెల్లగా గీసింది.

జూన్ 18

క్రాష్ లేదు. నిన్న లేదు, ఇవాళా లేదు. హాలు మొత్తం రెండర్ అయింది. మూతలు మళ్లీ రావడం మానేశాయి. పొయ్యి దగ్గర సీసా పట్టుకుని నిలబడి, మా ఆయన కోసం ఎదురుచూస్తూ ఎంత హాయిగా అనిపించిందో.

జూన్ 20

పంపించాను. మేడమ్ గంటలో ఫోన్ చేసింది. రిసెప్షన్ గోడ రంగు బాలేదు, మార్చమంది. కిటికీ గురించి ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసే ముందు, ఆ పల్చటి తెర ఎవరికి తోచింది అని అడిగింది. నాకే అన్నాను. అయితే పిల్లల వార్డు కూడా మీరే చెయ్యండి, ప్లాన్ రేపు పంపుతాను అంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి పరిగెత్తి అత్తయ్యని పట్టుకుని గిర్రున తిప్పేశాను. ఇక చాలు తల్లీ, ఎక్కువ తిప్పకు అని ఆవిడే అరిచింది.

సాయంత్రం బాసుకి ఫోన్ చేసి కుర్చీ ఎవరికైనా ఇచ్చెయ్యండి సార్ అన్నాను. సరే అన్నాడు. నవ్వలేదు.

జూలై 7

పొద్దుటి నుంచి వార్డు పని. రాసుకుందామని ఇప్పుడు ఈ డైరీ తెరిస్తే ఏమీ తోచడం లేదు. ఇవాళంతా కంప్యూటర్ ఒకటుందన్న సంగతే గుర్తురాలేదు.